డార్లింగ్టన్ నుంచి లండన్ బ్యాంకుల వీధికి

ఇంగ్లండుకు ఈశాన్యాన ఉన్న డార్లింగ్టన్ పేరు రైళ్ళ చరిత్ర చదివినవాళ్ళకు పరిచయమే. 1825 సెప్టెంబరు 27న స్టాక్టన్-డార్లింగ్టన్ రైలుమార్గం మొదలైనప్పుడు స్టీఫెన్సన్ల ఆవిరి ఇంజను జనంతో కిక్కిరిసిన బళ్ళను లాక్కుంటూ వెళ్ళింది. ఆ ఊరి జనానికి ఇప్పటికీ అదే గర్వం. ఊరి శివార్లలో ఇటుకలతో కట్టిన రైలింజను శిల్పం కూడా ఉంది. నేను మాత్రం ఆ ఊళ్ళో మొదట ఆగి చూసింది హై రో అనే బజారు వీధిలోని ఒక బ్యాంకు భవనాన్ని. ఆంధ్రా బ్యాంకులో క్లర్కుగా చేరి, ఆఫీసరుగా రిటైరైన మనిషిని. ఏ ఊరు వెళ్ళినా గుడి తర్వాత నా కళ్ళు వెతికేది బ్యాంకునే.

ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనాతో 1864లో కట్టిన రాతి భవనం అది. బ్యాక్‌హౌస్ బ్యాంకు కోసం కట్టారు. 1774లో క్వేకర్ మతశాఖకు చెందిన ఒక వస్త్ర వ్యాపార కుటుంబం మొదలుపెట్టిన బ్యాంకు. ఆ ఊరి రైలుకు డబ్బు సమకూర్చినవాళ్ళలో ఆ కుటుంబం ముఖ్యమైనది. దాని గురించి అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. రైలుమార్గం తన నక్కల వేట పొదల మీదుగా పోతుందని డార్లింగ్టన్ ప్రభువుకు కోపం వచ్చిందట. 1819లో తన రైతుల చేత బ్యాక్‌హౌస్ బ్యాంకు నోట్లన్నీ పోగుచేయించి, ఒకేసారి తీసుకువెళ్ళి బంగారం ఇమ్మని అడగాలనీ, ఇవ్వలేకపోతే బ్యాంకు దివాలా తీస్తుందనీ పథకం వేశాడట. సంగతి తెలిసిన జొనాథన్ బ్యాక్‌హౌస్ హుటాహుటిన లండన్ వెళ్ళి గుర్రపుబండి నిండా బంగారంతో తిరిగొచ్చాడు. ఊరు దగ్గరపడ్డాక బండి ముందు చక్రం ఊడిపోతే, బంగారమంతా వెనక్కి జరిపి, బరువు సరిచూసుకుంటూ మిగిలిన మూడు చక్రాల మీదే బండి తోలుకొచ్చాడంటారు. కథలో కొంత కల్పన ఉంటే ఉండొచ్చు. బ్యాంకు నిలబడేది నమ్మకం మీద అన్న సంగతి మాత్రం దీనికన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

1896లో ఆ బ్యాంకు మరికొన్ని క్వేకర్ బ్యాంకులతో కలిసిపోయి బార్‌క్లేస్‌లో భాగమైంది. ఆ సంగతి చదువుతుంటే నా మనసు బందరుకు పోయింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఊళ్ళో పుట్టిన బ్యాంకు ముఖ్య కార్యాలయం ఎక్కడో పెద్ద నగరానికి తరలిపోయాక ఆ ఊరి పిల్లలకు బ్యాంకు అంటే ఒక కౌంటరుగానే మిగులుతుంది. నిర్ణయాలు జరిగే గదులు వాళ్ళ కంటికి కనబడవు. డార్లింగ్టన్ పిల్లలదీ అదే పరిస్థితి. ఆ గదులు ఇప్పుడు 370 కిలోమీటర్ల దూరంలో, లండన్‌లో ఉన్నాయి.

మా అన్నయ్య ఆ ప్రాంతంలో డాక్టరు. బ్రిటన్ ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు డాక్టర్లు చాలామంది లండన్‌కు దూరంగా ఇలాంటి చిన్న ఊళ్ళలోనే స్థిరపడ్డారు. వాళ్ళ అమ్మాయి, అంటే నా మేనకోడలు, అక్కడి లెక్కన పన్నెండో ఏడు చదువుతోంది. లెక్కలు, ఎకనామిక్స్ ఆ పిల్ల ముఖ్య సబ్జెక్టులు. ఈ వేసవిలో నేను వెళ్ళేసరికి ఒక పెద్ద బ్యాంకులో వారం రోజుల వర్చువల్ వర్క్ ఎక్స్‌పీరియన్స్‌కు ఎంపికై ఉంది. బ్యాంకు లండన్‌లో ఉంటుంది, పిల్ల డార్లింగ్టన్‌లో మేడమీద తన గదిలో ఉంటుంది, మధ్యలో లాప్‌టాప్.

బ్రిటన్‌లో పదిహేనేళ్ళకో పదిహేడేళ్ళకో బడిపిల్లలు వారం రెండు వారాలు ఏదో ఒక పనిచోటుకు వెళ్ళి రావడం పాత అలవాటు. ఎవరు ఎక్కడికి వెళతారన్నదే చిక్కు. నాన్న స్నేహితుడిది లా ఆఫీసైతే పిల్లాడు అక్కడికి, బాబాయి బ్యాంకులో ఉంటే బ్యాంకుకు. పరిచయాలు లేని ఇంటి పిల్లలు దగ్గర్లో ఉన్న కొట్టుకో కేఫ్‌కో. పోనీ లండన్ బ్యాంకు రమ్మన్నా, డార్లింగ్టన్ నుంచి వెళ్ళే పిల్లకు టికెట్టు ముందుగా కొనకపోతే రానూపోనూ వంద పౌండ్లు దాటుతుంది, వారం రోజులు బసెక్కడ? 2020లో కోవిడ్ వచ్చి ఆఫీసులన్నీ మూతపడ్డప్పుడు బ్యాంకులూ కంపెనీలూ ఈ కార్యక్రమాన్ని తెరమీదికి మార్చాయి. ఆఫీసులు తెరిచాక కూడా చాలాచోట్ల దాన్ని కొనసాగించారు. ఒక గదిలో పదిమందికి చోటు దొరికే చోట తెరమీద వందలమందికి దొరుకుతోంది కదా.

ఆ వారమంతా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. పొద్దున తొమ్మిదింటికి లాగిన్. మొదట బ్యాంకులో ఒక్కో విభాగం నుంచి ఒకరు వచ్చి తమ పని గురించి చెప్పేవాళ్ళు. మధ్యాహ్నం పిల్లల్ని చిన్న బృందాలుగా విడగొట్టి పని ఇచ్చేవాళ్ళు. ఒకరోజు మోసపు మెయిళ్ళను పట్టుకోవడం. ఇంకోరోజు మనీ మ్యూల్ అంటే ఎవరో చెప్పారు. ఖాతా వాడుకోనిస్తే కొంత డబ్బు ఇస్తామని విద్యార్థులకు ఆశపెట్టి, దొంగ సొమ్మును వాళ్ళ ఖాతాల్లోంచి దాటించే ముఠాలు అక్కడా ఉన్నాయి. పట్టుబడితే ఖాతా మూసేస్తారు, మళ్ళీ ఖాతా తెరవడం గగనమవుతుంది, బ్రిటన్ చట్టం ప్రకారం గరిష్ఠంగా 14 ఏళ్ళ దాకా జైలు పడవచ్చు. మన దగ్గర సైబర్ నేరాల్లో కూడా ఇదే పద్ధతి, మ్యూల్ అకౌంట్ అనే మాట మన పోలీసులకూ అలవాటైపోయింది. ఇక్కడి నుంచి పైచదువులకు వెళ్ళే మన పిల్లలకు విమానం ఎక్కేముందే ఈ ఒక్క పాఠం చెప్పి పంపితే ఎన్నో కుటుంబాలు గట్టెక్కుతాయి.

అసలు పని మూడో రోజు ఇచ్చారు. బేకరీ నడిపే ఒకావిడ కొత్త ఓవెన్ కోసం 40,000 పౌండ్ల అప్పు అడుగుతోంది. మూడేళ్ళ లెక్కలు, నెలవారీ జమాఖర్చుల పట్టిక, ఆవిడ రాసిన అర్జీ పంపారు. ఇవన్నీ అభ్యాసం కోసం తయారుచేసినవే. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది బృందం తేల్చి, చివరిరోజు బ్యాంకు ఉద్యోగుల ముందు చెప్పాలి. బృందంలో కార్న్‌వాల్ నుంచి ఒక అబ్బాయి, వేల్స్ నుంచి ఒక అమ్మాయి, బర్మింగ్‌హామ్ నుంచి ఇద్దరు, మా పిల్ల. భోజనాల దగ్గర కాయితాలు నా ముందు పెట్టింది.

"అత్తా, మూడేళ్ళూ లాభమే చూపించింది. ఇచ్చేయొచ్చు కదా?"

"లాభం సరేనే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో చేతిలో డబ్బెంత ఉందో చూశావా?"

చూసింది. క్రిస్మస్‌కు అమ్మకాలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆ తర్వాత రెండు నెలలు ఖాతా అడుగంటుతోంది. ఓవెన్ కంతు మాత్రం నెలనెలా కట్టాల్సిందే. ఆ రాత్రి బృందమంతా మళ్ళీ కూర్చుని, అప్పు ఇవ్వచ్చు గానీ కంతులు ఆవిడ రాబడికి తగ్గట్టు అమర్చాలని తేల్చారు. పదిహేడేళ్ళ పిల్లలు దేశం నాలుగు మూలల నుంచి, ఒకరినొకరు ఎన్నడూ చూడకుండా, ఒక బేకరీ గురించి రాత్రి పది దాకా వాదించుకోవడం నేను పక్కగదిలోంచి విన్నాను. చదువంటే ఇదే అనిపించింది.

మర్నాటి సాయంత్రం దానికి మా రోజుల సంగతి చెప్పాను. కృష్ణా జిల్లాలో రైసు మిల్లులకు అప్పులిచ్చేటప్పుడు మా మేనేజరుగారు మిల్లు చూడకుండా సంతకం పెట్టేవారు కాదు. గోదాములో బస్తాల వరసలు లెక్కపెట్టేవారు. గొట్టం గుచ్చి గింజలు బయటికి తీసి అరచేతిలో పోసుకుని చూసేవారు. వెనక వరసల్లోనూ ధాన్యమే ఉందో, ఊక నింపారో చూడాలని పక్కకు తిరిగి నడిచేవారు. గోదాముకు మిల్లువాళ్ళ తాళంతో పాటు బ్యాంకు తాళమూ పడేది. బయటికొచ్చాక మిల్లు హమాలీలతో రెండు మాటలు మాట్లాడి, కూలి సరిగ్గా అందుతోందో లేదో కనుక్కునేవారు. కూలి ఆలస్యమవుతోందంటే మిల్లు ఇబ్బందుల్లో ఉన్నట్టు. ఆ సంగతి ఏ బ్యాలెన్స్ షీటులోనూ ఉండదు. నేను ఆయన వెంట నడుస్తూ నేర్చుకున్నాను.

మా పిల్ల చాలాసేపు ఆలోచించింది. "నేను ఆ బేకరీని చూడలేదు. బ్యాంకుని కూడా చూడలేదు," అంది. ఇంకో మాటా బయటపెట్టింది. ప్రశ్నలు అడగమన్నప్పుడు రెండుసార్లు మైకు ఆన్ చేయబోయి ఆగిపోయిందట. దాని ఇంగ్లీషులో ఆ ఈశాన్యపు యాస బలంగా ఉంటుంది. లండన్ బ్యాంకులో అందరూ టీవీ వార్తల్లో మాట్లాడినట్టు మాట్లాడతారనీ, తన గొంతు వినగానే ఎక్కడిదో తెలిసిపోతుందనీ దానికి బెరుకు. తెరమీద మాట్లాడినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక చిన్న గడిలో కనిపించారు. ఆ గడి చుట్టూ ఉన్న వందలమంది కనిపించలేదు. వారం పూర్తయి సర్టిఫికెట్ మెయిల్లో వచ్చాక లండన్ పోదామని నేనే అన్నాను. అన్నయ్య టికెట్లు తీశాడు.

పొద్దున్నే రైలెక్కాం. డార్లింగ్టన్ నుంచి కింగ్స్ క్రాస్ స్టేషన్‌కు రెండున్నర గంటల ప్రయాణం. యార్క్ దాటేదాకా పచ్చిక బయళ్ళు, గొర్రెలు. అక్కడి నుంచి కిందికి వస్తున్నకొద్దీ గోధుమ చేలు. ఆ సమయానికి కోతకొచ్చి ఉన్నాయి. నాకైతే కిటికీలోంచి కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. మా పిల్ల ఫోన్లో మ్యాపు తెరిచి ఎక్కడెక్కడ దిగాలో, ఎటు నడవాలో రాసుకుంటోంది. కింగ్స్ క్రాస్‌లో నార్తర్న్ లైన్ ట్యూబ్ పట్టుకుని బ్యాంక్ స్టేషన్లో దిగాం. స్టేషన్ పేరే బ్యాంక్. మెట్లెక్కి బయటికొస్తే ఎదురుగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్.

1694లో స్థాపించిన బ్యాంకు. 1734 నుంచి ఈ థ్రెడ్‌నీడిల్ స్ట్రీట్‌లోనే ఉంది. వీధి పొడవునా కిటికీల్లేని ఎత్తైన రాతిగోడ. ఆ గోడ సర్ జాన్ సోన్ కట్టించింది. లోపలి భవనాన్ని రెండు ప్రపంచ యుద్ధాల మధ్య హెర్బర్ట్ బేకర్ మళ్ళీ కట్టాడు. న్యూఢిల్లీ సెక్రటేరియట్ భవనాలు, పాత పార్లమెంటు భవనం రూపకల్పనలో పాలుపంచుకున్న బేకరే ఈయన. ఢిల్లీలో ఆ స్తంభాల నీడన నడిచిన మనిషికి లండన్‌లో ఈ స్తంభాలు కొత్తగా అనిపించవు.

పక్కసందు బార్తొలొమ్యూ లేన్‌లో బ్యాంకు మ్యూజియం ఉంది. ప్రవేశం ఉచితం. అందరూ ఒకచోట వరస కడుతున్నారు. దళసరి పారదర్శకపు పెట్టెలో అసలైన బంగారు కడ్డీ, పెట్టెకు చెయ్యి పట్టేంత రంధ్రం. చెయ్యి పెట్టి ఎత్తి చూడొచ్చు. దాదాపు 13 కిలోలు. చూడ్డానికి ఇటుకరాయి కన్నా చిన్నది, చెయ్యి పెట్టి ఎత్తితే మణికట్టు వంగిపోతుంది. ఆ భవనం కింది నేలమాళిగల్లో ఇలాంటివి సుమారు నాలుగు లక్షలున్నాయి. మా పిల్ల ఒకసారి ఎత్తి, వరస చివరికి వెళ్ళి నిలబడి మళ్ళీ ఎత్తింది. వారంగా అది తెరమీద సున్నాలు లెక్కపెట్టింది. డబ్బుకు బరువుండే కాలం ఒకటుండేదని ఆ ఒక్క కడ్డీ చెప్పింది. బ్యాక్‌హౌస్ బండి ముందు చక్రం ఎందుకు ఊడిందో కూడా తెలిసింది.

అదే మ్యూజియంలో నేను ఎక్కువసేపు నిలబడింది పాత రోజుల ఉద్యోగుల సంగతులు చెప్పే బొమ్మల ముందు. ఈ బ్యాంకులో క్లర్కుగా చేరాలంటే ఒకప్పుడు డైరెక్టర్లలో ఎవరో ఒకరు పేరు సూచించాలి. ఆడవాళ్ళను మొదటిసారి తీసుకున్నది 1894లో, బ్యాంకు పుట్టిన 200 ఏళ్ళకు. తిరిగొచ్చిన నోట్లు లెక్కపెట్టి వేరుచేసే పని ఇచ్చారు. నేను చేరిన కొత్తలో నాకిచ్చిన పనీ అదే. హెడ్ క్యాషియరు పక్కన కూర్చోబెట్టి మంచి నోట్లు, నలిగిన నోట్లు, చిరిగిన నోట్లు విడదీయమన్నారు. నోటును వేలితో తడిమి మంచిదో నకిలీదో చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

అక్కడి నుంచి లాంబర్డ్ స్ట్రీట్. సన్నటి వంపు తిరిగిన వీధి. ఉత్తర ఇటలీ నుంచి వచ్చిన లాంబర్డీ వర్తకులు మధ్యయుగాల్లో ఇక్కడ వడ్డీ వ్యాపారం మొదలుపెట్టారు, ఆ పేరే మిగిలింది. తలెత్తి చూస్తే మిడత, పిల్లి, లంగరు బొమ్మలు ఇనుప కమ్మీలకు వేలాడుతున్నాయి. ఇళ్ళకు నంబర్లు లేని కాలంలో బ్యాంకుకు బొమ్మే చిరునామా. హాస్య రచయిత పి.జి. వుడ్‌హౌస్ 1900లో ఈ వీధిలోనే హాంకాంగ్-షాంఘై బ్యాంకులో చేరి రెండేళ్ళు పనిచేశాడు. శిక్షణయ్యాక కుర్రాళ్ళను తూర్పు దేశాల శాఖలకు పంపేవాళ్ళు. ఆయన అటు వెళ్ళకుండా రాసుకోవడానికి వెళ్ళిపోయాడు. కవి టి.ఎస్. ఎలియట్ 1917 నుంచి 1925 దాకా లాయిడ్స్ బ్యాంకులో ఉద్యోగం చేశాడు. "అంటే నచ్చకపోతే మానేయొచ్చన్నమాట," అంది మా పిల్ల. పనిచోటు చూసి రావడంలో అది కూడా ఒక లాభమే. ఇది నా పని కాదని పదిహేడేళ్ళకే తెలిస్తే పదేళ్ళ జీవితం మిగులుతుంది.

లెడెన్‌హాల్ స్ట్రీట్‌కు నేను పట్టుబట్టి తీసుకెళ్ళాను. గొట్టాలూ లిఫ్టులూ బయటికే కనిపించేలా రిచర్డ్ రోజర్స్ కట్టిన లాయిడ్స్ భవనం, బ్యాంకుది కాదు, బీమా సంస్థది, అక్కడుంది. 1986లో తెరిచారు. దానికి ముందు, ఎన్నో ఏళ్ళ కిందట, ఆ స్థలంలోనే ఈస్టిండియా హౌస్ ఉండేది. 1861లో పడగొట్టారు. 1611లో మా బందరులో ఇంగ్లీషువాళ్ళు కొఠీ తెరిచిన కంపెనీ అదే. తర్వాతి రోజుల్లో మన చేతి అద్దకపు బట్టల లెక్కలూ, మన రైతుల శిస్తు లెక్కలూ ఇక్కడి బల్లల మీదికి చేరాయి. ఇండియాకు గుమస్తాలుగా పంపే కుర్రాళ్ళను కంపెనీ డైరెక్టర్లు తమకు తెలిసిన కుటుంబాల నుంచి ఎంచేవాళ్ళు. 1855లో పోటీ పరీక్ష వచ్చేదాకా అదే పద్ధతి. ఆ ఫుట్‌పాత్ మీద నిలబడి మేనకోడలికి ఈ వరస చెప్పాను. మొదట డైరెక్టరు చేతి చీటీ, తర్వాత పోటీ పరీక్ష. నేను బి.ఎస్.ఆర్.బి. పరీక్ష రాసి ఉద్యోగంలో చేరాను, మా నాన్నకు బ్యాంకులో ఒక్క మనిషీ తెలియదు. ఆ పరీక్ష లేకపోతే నేను కౌంటరుకు అటువైపే ఉండిపోయేదాన్ని. ఇప్పుడు మా పిల్ల గదిలోకి ఒక లింకు వచ్చింది. ప్రతి తరంలోనూ ఆ తలుపు ఇంకొంచెం తెరుచుకోవాలని ఎవరో పట్టుబట్టబట్టే తెరుచుకుంది.

మళ్ళీ బ్యాంక్ స్టేషన్‌కు వచ్చి డి.ఎల్.ఆర్. రైలెక్కాం. 1987 నుంచి నడుస్తున్న ఈ చిన్న రైలుకు ముందు డ్రైవరు గది ఉండదు. ముందు సీటు దొరికితే పట్టాలన్నీ మన కాళ్ళ ముందే. సొరంగంలోంచి వెలుతురులోకి వచ్చి, షాడ్‌వెల్, లైమ్‌హౌస్ దాటి, రైలు ఎత్తైన గాజు భవనాల మధ్యకు దూరింది. అదే కేనరీ వార్ఫ్. 1802లో ఇక్కడ వెస్టిండియా రేవులు తెరిచారు. కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చెరకు చక్కెర ఓడల్లో ఇక్కడికే దిగేది. పాత చక్కెర గోదాములో ఇప్పుడు డాక్‌ల్యాండ్స్ మ్యూజియం ఉంది, ఆ బానిసత్వపు చరిత్రను దాచకుండా చెబుతుంది. 1980లో రేవు మూతపడింది. ఆ తర్వాత పదేళ్ళకు పైగా పనిచేసి బ్యాంకుల నగరాన్ని లేపారు. పిరమిడ్ కొప్పున్న వన్ కెనడా స్క్వేర్ 1991లో పూర్తయింది. 50 అంతస్తులు, 235 మీటర్లు.

మా పిల్ల చూడాలనుకున్న బ్యాంకు భవనం దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్న భోజనాల వేళ. లోపలికి వెళ్ళడానికి మాకు అనుమతి లేదు. పాసు చూపిస్తే తెరుచుకునే గేట్లు గాజు గోడలోంచే కనిపిస్తున్నాయి. ఎదురుగా నీళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని, వదిన కట్టిచ్చిన పులిహోర తింటూ చూశాం. తిరుగుడు తలుపుల్లోంచి జనం బయటికి వస్తూనే ఉన్నారు. మెడలో ట్యాగులు. కోట్లు వేసుకున్నవాళ్ళు ఉన్నారు, మామూలు చొక్కాల్లో ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువ. తలకు గుడ్డ చుట్టుకున్న అమ్మాయిలు, తలపాగా పెట్టుకున్న సిక్కు పెద్దాయన, చక్రాల కుర్చీలో ఒకావిడ, నీలం యూనిఫాంలో శుభ్రం చేసేవాళ్ళు, వంటగది టోపీతోనే బయట నిలబడి గాలి పీల్చుకుంటున్న కుర్రాడు. పక్క బెంచీ దగ్గర ఇద్దరు మగవాళ్ళు ఏదో క్రికెట్ మ్యాచ్ గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. మా పిల్ల ఉలిక్కిపడింది. ఒకాయన యాస అచ్చం డార్లింగ్టన్ బజారులో వినబడే యాసే. మెడలో ఆ బ్యాంకు ట్యాగు. అంతలోనే మా వెనకనుంచి ఒక కుర్రాడు ఫోన్లో తెలుగులో మాట్లాడుకుంటూ వెళ్ళాడు. "రాత్రి బ్యాచ్ ఫెయిలయిందంట బావా, మళ్ళీ రన్ చెయ్యమన్నారు, లంచ్ అయ్యాక చూస్తా." లండన్ బ్యాంకుల కంప్యూటర్ విభాగాల్లో తెలుగువాళ్ళకు కొదవ లేదు. రాత్రిపూట లావాదేవీలన్నీ సరిచూసే ఆ బ్యాచ్‌ల వెనక మనవాళ్ళ కాపలా కూడా ఉంది.

నా పక్కన పిల్ల మొహం చూశాను. వారం రోజుల సెషన్లలో లేని ధీమా ఆ బెంచీ మీద వచ్చింది. "అత్తా, వీళ్ళు మామూలు మనుషులే," అంది. అంతకుముందు అది అనుమానం, ఇప్పుడు కళ్ళారా చూసిన సంగతి.

వెళ్ళేముందు దాన్ని బ్యాంక్ స్ట్రీట్‌కు తీసుకెళ్ళాను. అక్కడి 25వ నంబరు భవనంలో ఒకప్పుడు లేమన్ బ్రదర్స్ యూరప్ ముఖ్య కార్యాలయం ఉండేది. 2008 సెప్టెంబరు 15న ఆ సంస్థ కుప్పకూలిన రోజు ఉద్యోగులు అట్టపెట్టెల్లో సామాను సర్దుకుని ఈ తలుపుల్లోంచి బయటికి రావడం టీవీలో చూశాను. ఇప్పుడు అందులో జె.పి. మోర్గాన్ ఉంది. అమెరికాలో తీర్చే స్తోమతు లేనివాళ్ళకు ఇంటి అప్పులిచ్చారు. ఆ అప్పుల్ని మూటకట్టి, ముక్కలు చేసి, చేతులు మార్చి అమ్ముకున్నారు. కొన్నవాడు అప్పు తీసుకున్న మనిషిని చూడలేదు, ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో వాడికి తెలియదు. మా మేనేజరుగారు బస్తాల వెనక వరస దాకా ఎందుకు నడిచారో, ఆ భవనం ముందు నిలబడి చెబితే దానికి వెంటనే అర్థమైంది. తెరమీద నేర్చుకున్న బేకరీ లెక్కను అదే గుర్తుచేసుకుంది. "నేను బ్యాంకులో చేరితే ముందు ఆ బేకరీకి వెళ్ళి చూస్తాను," అంది.

సాయంత్రం రైల్లో ఇంకో కబురు చెప్పింది. డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు పెడతానంది. ఇంగ్లండులో 2015 నుంచి ఈ పద్ధతి ఉంది. బ్యాంకు ఉద్యోగమిచ్చి జీతమిస్తుంది, పనిచేస్తూనే విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదవాలి, ఫీజు భారం విద్యార్థి మీద పడదు. మనవాళ్ళ ఇళ్ళలో ఇది అంత తేలిగ్గా మింగుడుపడే మాట కాదు. మంచి యూనివర్సిటీలో సీటొచ్చే పిల్ల పద్దెనిమిదేళ్ళకే ఉద్యోగమా అని అన్నయ్య ఆ రాత్రి చాలాసేపు వాదించాడు. నేను పిల్ల పక్షాన మాట్లాడాను. అది నిర్ణయం తీసుకున్నది ఎవరో చెప్పిన మాట విని కాదు, వారం రోజులు ఆ పని చేసి, ఒకరోజు ఆ చోటు చూసి తీసుకుంది. ఈ రెంటిలో ఏ ఒక్కటి తక్కువైనా నేను కూడా అన్నయ్య వైపే ఉండేదాన్ని.

తిరిగొచ్చాక మన పిల్లల గురించే ఆలోచిస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఆన్‌లైన్లో పూర్తిచేసేవాళ్ళూ ఎక్కువే. వీడియోలు చూసి, ప్రశ్నలకు జవాబులు గుర్తుపెట్టి, సర్టిఫికెట్ తెచ్చుకుంటే అయిపోతుందన్న అభిప్రాయం పిల్లల్లో కనిపిస్తోంది. తెరను తప్పుపట్టను. అవనిగడ్డలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న పిల్లకు ముంబయి బ్యాంకు పెద్దల మాట నేరుగా వినిపించగలిగేది అదొక్కటే. అయితే ఆ వారంలో ఒక నిజమైన పని ఉండాలి, దాన్ని చూసి తప్పొప్పులు చెప్పే మనిషి ఉండాలి, వేరే జిల్లా పిల్లలతో కలిసి వాదించుకునే అవకాశం ఉండాలి. అది అయ్యాక ఒక్కరోజు బస్సు చార్జీ ఇచ్చి దగ్గరి బ్రాంచికి పిలవాలి. మేనేజరు వెంట ఒక అప్పు తనిఖీకి తీసుకెళ్ళాలి. స్వయం సహాయక సంఘం మీటింగుకో, కౌలు రైతు పొలానికో, కొత్తగా పెట్టిన టిఫిన్ సెంటరుకో. ఏ బ్యాంకుకైనా ఆ ఖర్చు లెక్కలోకి రాదు. పదిమంది పిల్లల్లో ఇద్దరు ఈ పని మాకొద్దని తెలుసుకుని వెళ్ళిపోయినా మంచిదే. మిగిలిన ఎనిమిది మందికి అప్పు కాయితం వెనక ఉండే మనిషి మొహం గుర్తుంటుంది. రేపు వాళ్ళలో ఎవరైనా మేనేజరు కుర్చీలో కూర్చుంటే, సంతకం పెట్టేముందు గోదాము దాకా నడుస్తారు.